మావ కుడిచేతికి పిడి

ఆషాఢం, బుధవారం. రాత్రి పట్టిన ముసురు పొద్దునకీ వదల్లేదు. తడికి వంటింటి కిటికీ రెక్క ఉబ్బి మూసుకోవడం లేదు. అంచు చిత్రిక పట్టి మళ్ళీ బిగించాను.

పడుకునే ముందు రోజూ ఇలా నాలుగు ముక్కలు రాసుకోవడం నాకు అలవాటు. వారం, వానో ఎండో, ఇంటి ఖర్చు, చేసిన పని. అంతకు మించి రాయడం నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆ బుధవారం కిటికీ సంగతి రాశాక కింద ‘మావ పోయాడు’ అని రాశాను. ఇంకేం రాయాలో తోచక పుస్తకం మూసేశాను.

కిటికీకి ఆఖరి మర బిగిస్తుండగా ఫోను మోగింది. అవతల అత్త. ఏడుపు లేదు. గొంతు మామూలుగానే ఉంది.

“టీ తాగీసి గోడేపు తిరిగి తొంగున్నాడు. మరి నెగనేదు. నువ్వు బేగి వచ్చీ,” అంది.

నేనుండేది మాంగో అనే పేటలో. వాళ్ళిల్లు సీతారాండేరాలో. మధ్యలో సువర్ణరేఖ నది. వంతెన మీద లారీ ఒకటి ఆగిపోయి బండ్లన్నీ నిలిచిపోయాయి. ఆటోలో వెనక సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. దిగి నడుద్దామంటే పక్కనున్న మనిషి ఒళ్ళో బస్తా ఉంది. అతను కదిలితే తప్ప నేను కదలలేను, అతనికేమో కదలడానికి చోటు లేదు. కింద ఏరు ఎర్రగా నిండి పోతోంది. డ్రైవరు ఇంజను ఆపేసి ఖైనీ నలుపుకుంటున్నాడు. పోయిన మనిషి దగ్గరికి తొందరేముంది అని నాకు నేను చెప్పుకున్నాను. కాళ్ళు మాత్రం వినలేదు.

ఈ ఊరి తెలుగువాళ్ళ పత్రికకి ఆయన గురించి రాయమని అడిగారు. మీలో చాలామంది ఆయన్ని చూసి ఉండరు. కానీ మీ ఇంట్లో పాత ఉలో, సుత్తో, తోటపని చేసే చిన్న పారో ఉంటే ఒకసారి చేత్తో పట్టి చూడండి. పిడి మరీ గుండ్రంగా లేకుండా, పట్టుకోగానే వేళ్ళు ఎక్కడుండాలో అక్కడికి వాటంతట అవే వెళ్తే, అది మావ చేసిందే అయ్యుంటుంది.

ఆయన ఖరాద్ మీద చెక్క తిప్పేవాడు. మన వైపు దీన్ని తరిమెన అంటారు. ఈ ఊళ్ళో అందరూ ఖరాద్ అనే అంటారు, మేమూ అదే అంటాం. పనిముట్లకి పిడులు తప్ప ఆయన ఇంకేమీ చెయ్యలేదు. బొమ్మలు, మంచం కోళ్ళు చేస్తే డబ్బులొస్తాయని ఎంతమంది చెప్పినా వినలేదు.

నేను టెక్కలి వైపు పల్లె నుంచి ఇక్కడికి వచ్చేసరికి నాకు ఇరవై ఏళ్ళు. హిందీలో ఒకే ఒక్క వాక్యం వచ్చు. రైల్లో పక్కన కూర్చున్నాయన నేర్పాడు. ‘కామ్ హై?’ అని అడుగు, పనుంటే ఇస్తారు అన్నాడు. మాట చివర అచ్చు లేకపోతే నా నాలుక ఊరుకోదు. ‘కామ హై?’ అని అడుగుతూ సందు సందూ తిరిగాను.

సీతారాండేరాలో ఒక రేకుల షెడ్డు కనిపించింది. లోపల ఒళ్ళంతా చెక్క పొడితో ఒక మనిషి తిరుగుతున్న కట్టె ముందు వంగి ఉన్నాడు. హిందీవాడే అనుకున్నాను. మోటారు రొదలో వినిపించాలని గట్టిగా అరిచాను.

“కామ హై?”

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా శ్రీకాకుళం వైపు పారకీ గొడ్డలికీ వేసే పొడుగు కర్రని కామ అంటాం.

ఆయన తల ఎత్తలేదు. “ఉంది. పారకా, గొడ్డలికా?” అన్నాడు తెలుగులో.

ఆ తెలుగు చెవిన పడగానే ఒక అడుగు లోపలికి వేశాను. మట్టి తవ్వే పనా, కట్టెలు కొట్టే పనా అని అడుగుతున్నాడనుకున్నాను.

“ఏదైనా సేత్తాను బాబూ,” అన్నాను.

అప్పుడు తలెత్తాడు. “సేత్తావా? కొనడానికి రానేదేటి? ఎవుల దగ్గర నేర్సినావు?”

“మా నాన్న దగ్గిర.”

“అయితే సెయ్యి,” అని నా చేతిలో ఒక తుమ్మ కర్ర పెట్టాడు. దాన్ని ఎక్కడికి మొయ్యమంటాడో చెప్తాడని నేను నిలబడ్డాను. ఉలి తీసుకుంటానేమోనని ఆయన నిలబడ్డాడు.

సంగతి బయటపడ్డాక ఆయన మోటారు ఆపి మరీ నవ్వాడు. ఆ నవ్వు విని లోపల్నుంచి అత్త వచ్చింది.

“ఏటయినాది? ఎవులీ గుంటడు?”

“కామ్ అడిగినాడు, కామిచ్చినాను. ఇప్పుడది మోసుకెళ్ళడానికి బండెక్కడని సూత్తన్నాడు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రాత్రి భోజనం అక్కడే. మర్నాడు పని అక్కడే. ఆ తరవాత ఎప్పుడు వేరే పని మాట ఎత్తినా మావ ఒకటే అనేవాడు: “కామడిగి కామకే సిక్కినావురా. మరి ఒగ్గదు.” ఆయన నవ్వుతాలుకే అనేవాడు. నాకు మాత్రం అన్నిసార్లూ నవ్వు రాలేదు.

మావా అత్తా అంటున్నాను గాని మాకు చుట్టరికం లేదు. వాళ్ళకి పిల్లల్లేరు. బాబూ అని పిలిస్తే ఆయనకి కోపం. “నీకు నేను కూలిచ్చే బాబునేటి?” అనేవాడు. అలా మావ అయ్యాడు. “పిల్లనియ్యకండా అల్లుణ్ణి తెచ్చుకున్నాడు. ఎంత గడుసోడో,” అని అత్త అందరికీ చెప్పేది.

మా పని గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. ఖరాద్‌కి రెండు ఇనప మొనలుంటాయి. వాటి మధ్య కట్టెను బిగించి తిప్పితే, ఉలి ఆనించిన చోట చెక్క పొరలుగా లేస్తుంది. ఎవరు తిప్పినా పిడి గుండ్రంగా వస్తుంది. మావ మాత్రం సగం పనయ్యాక కట్టె విప్పి, మొనని నట్టనడుమ నుంచి కొద్దిగా పక్కకి జరిపి మళ్ళీ బిగించేవాడు. ఇప్పుడు తిప్పితే ఒక పక్క తెగుతుంది, ఒక పక్క తెగదు. పిడి కోలగా, ఆ మనిషి అరచేతిలో గుంట ఎలా ఉంటే అలా వస్తుంది. మేం దీన్ని మొన జరపడం అంటాం. ఎంత జరపాలన్నది కంటితో తేలదు. “గుండ్రం అందరిదీని. సెయ్యి గుండ్రంగా ఉంటాదేటి ఎవులికైనా?” అనేవాడు.

కొలత టేపుతో తీసుకునేవాడు కాదు. వచ్చిన మనిషి చేతిలో చపాతీ పిండి ముద్ద పెట్టేవాడు. “పనిలో ఎలగ పడతావో అలగ పట్టు. ఫొటోకి పట్టినట్టు పట్టకు,” అనేవాడు. ఆ ముద్ద మీద పడిన వేళ్ళ గుంటల్ని చూసుకుంటూ తిప్పేవాడు. పొద్దున్నే అత్త పిండి కలుపుతుంటే ఈయన వెళ్ళి పళ్ళెంలోంచి ముద్ద తీసుకుపోయేవాడు.

“ఈ కొంపలో మడుసులకన్నా పిడులే ఎక్కువ తింతన్నాయి పిండి,” అని ఆమె వెనకనుంచి అరిచేది.

“అవి తింటేనే గదే మనం తింటన్నాం.”

“ఆ, తింటన్నాం. కొలతలు.”

పిడి అయిపోయాక పనిముట్టుకి వేసి, చీలకుండా ఇనప పొన్ను బిగించి, మనిషి చేతిలో పెట్టేవాడు. అతని మొహం చూసేవాడు కాదు. మణికట్టు చూసేవాడు. పట్టు కుదరకపోతే “బావులేదు” అని వెనక్కి తీసుకునేవాడు. కొనుక్కునేవాడు బావుందని మొత్తుకున్నా వినేవాడు కాదు. కుదిరితే ఏమీ అనేవాడు కాదు. గుడ్డతో తుడిచి ఇచ్చేసి, తరవాతి కట్టె ఎక్కించేవాడు. అంతే. బావుంది అన్న మాట ఆయన నోట నేను వినలేదు. పిడి గురించే కాదు, కూర గురించి కూడా. నేను మొట్టమొదట సొంతంగా తిప్పిన పిడిని ఆయన పట్టి చూసి, కింద పెట్టి, ఇంకో పనిలోకి వెళ్ళిపోయాడు. ఏమంటాడోనని నేను అక్కడే నిలబడ్డాను.

“ఏటలగ నిలబడిపోనావు?” అంది అత్త. “ఏటీ అన్నేదంటే కుదిరినట్టే. నాకీ ఇంటికొచ్చినకాడినుంచి అదే మెప్పు.”

బారిడీహ్ నుంచి ఒక తాపీమేస్త్రీ వచ్చేవాడు. కుడి బొటనవేలు పైకణుపు లేదు. అతని తాపీకి మావ చేసిన పిడి అరిగిపోయాక, దారిలో బజారులో కొన్న తాపీతో ఒక పూట పని చేశాడట. మర్నాడు వాచిన చేత్తో వచ్చాడు. “చాచా, ఆప్‌నే తో బిగాడ్ దియా,” అన్నాడు, నువ్వే నన్ను చెడగొట్టావని. అతను వెళ్ళాక మావ ఆ అరిగిన పిడిని చేతిలో తిప్పి చూశాడు.

“సూడరా. ఒకపాలి కుదిరింది పట్టినాక ఆడింకోటి పట్టనేడు. మన కాడికి రావాల్సిందే. ఆడొత్తాడు గనక మనం ఇక్కడుండాల్సిందే. ఎవుల్ని ఎవులు కట్టీసినట్టు?”

ఆ మాట నేను చాలా ఏళ్ళు మోశాను. నేను కట్టుబడింది ఆ మేస్త్రీకా, మావకా, పనికా అన్నది తేల్చుకోలేకపోయాను. ఇక్కడి ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పని వచ్చినప్పుడు వెళ్ళలేదు. మా ఊళ్ళో కౌలుకి భూమి దొరికినప్పుడు వెళ్ళలేదు. ఎవరూ ఆపలేదు. ఆ వారం ఖరాద్ మీద ఎవరిదో ఒక పిడి సగంలో ఉండేది, అంతే.

పోయిన దసరాకి మావకి పక్షవాతం వచ్చింది. ఖరాద్ దగ్గరే. చేతిలో ఉలి జారి కింద పడింది. వంగి తీసుకోబోయి తనూ పడ్డాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి కాలు కాస్త కుదుటపడింది, మాట ముద్దగా అయినా తెలిసేది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. చూపుడువేలూ మధ్యవేలూ కొంచెం వంగేవి. మిగతావి బొమ్మవేళ్ళలా ఉండేవి. అత్త రోజూ నూనె రాసి ఒక్కో వేలూ వంచి తీసేది.

అప్పటినుంచి షెడ్డు నా ఒక్కడిదయింది. చలికాలంలో నాకు దగ్గు పట్టుకుంది. ముందునుంచీ ఉన్నదే, ఈసారి వదల్లేదు. శీశమ్ కట్టె తిప్పిన రోజు మరీ ఎక్కువ. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము దీపానికి పట్టి చూసి, చెక్క దుమ్ము మానకపోతే మందులు పనిచెయ్యవన్నాడు. ఆ నెలలోనే ఆదిత్యపూర్‌లో ప్లాస్టిక్ పిడులు అచ్చుపోసే ఒక చిన్న వర్క్‌షాపు ఆయన నన్ను పిలిచాడు. స్టోరు చూసుకోవాలి, లెక్కలు రాయాలి. దుమ్ము లేదు. నెల తిరిగేసరికి జీతం. మా అమ్మాయి ఆ రోజే నా పాత చొక్కాలు రెండు ఇస్త్రీ చేసి పెట్టింది.

మావకి చెప్పకుండా వెళ్ళాలని నేను అనుకోలేదు. ఆయన షెడ్డులో కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. ఎదురుగా నిలబడి ఉన్నదంతా చెప్పాను. దగ్గు మధ్యలోనే చెప్పాను.

ఆయన చాలాసేపు తన కుడిచెయ్యి చూసుకున్నాడు. ఎడంచేత్తో దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“పోవాలి. పోకపోతే సత్తావు,” అన్నాడు. “నాకొక్కటి సేసీసి పో. ఈ సేతికి ఉలిపిడి. నాను ఉలి పట్టాలి. పట్టిన మర్నాడు నువ్వు పో.”

నేను సరేనన్నాను. వారం పది రోజుల పని అనుకున్నాను. ఆదిత్యపూర్ ఆయనకి వచ్చే నెల వస్తానని చెప్పాను.

పట్టలేని చేతికి పిడి ఎలా చెయ్యాలి? పిండి ముద్ద పెడితే అది చేతిలోంచి జారిపోతోంది. అత్త తన చెయ్యి ఆయన చేతి చుట్టూ వేసి ముద్దని అదిమింది. ఆ గుంటలు చూసుకుని జామకట్టెతో మొదటి పిడి తిప్పాను. ఉలికి వేసి ఆయన చేతిలో పెట్టాను.

“బావులేదు. ఇది నా సెయ్యి కాదు. మీ అత్త సెయ్యి.”

నిజమే. అత్త పట్టుకుంటే అతికినట్టు సరిపోయింది. “పోన్లే, అప్పడాల కర్రకేసీ,” అందామె. ముగ్గురం నవ్వాం. ఆయన సగం నోటితో నవ్వాడు.

రెండోది లావుగా చేశాను. బావులేదు. ఇంకోటి సన్నగా చేసి, వేళ్ళు జారకుండా మధ్యలో గాడి పెట్టాను. బావులేదు. మొన ఒకసారి జరిపాను, రెండుసార్లు జరిపాను. శీశమ్ బరువెక్కువ, చెయ్యి వాలిపోతోంది. తేలిక చెక్క పెడితే ఉలి అదురుతోంది. చలి పోయింది. హోలీ వెళ్ళింది. గోడవార బుట్టలో బావులేని పిడులు పోగయ్యాయి. మిగతావాళ్ళ పనులు చేస్తూనే, ప్రతి వారం ఆయన చేతికి ఒకటి చేశాను. ప్రతి వారం అదే మాట. బాగా చేస్తే నాకు విడుదల. నా తాళంచెవి నేనే చేసుకోవాలి, అది తాళంలో తిరగడం లేదు.

నాకు అనుమానం వచ్చింది. ఎవరికైనా వస్తుంది. అత్తకి ముందే వచ్చింది. ఒకరోజు గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, ఆయనకి వినపడేలాగే అంది: “నువ్వు బంగారప్పిడి సేసినా బావులేదనే అంటాడు. బావుందంటే నువ్వెల్లిపోతావు గదా. ఈయన బుద్ధి నాకు తెల్దేటి?”

మావ ఆమె వైపు చూడలేదు. “నోరు ముయ్యే. పిడి కాడ నాను అబద్దమాడనేదు ఎప్పుడూ,” అన్నాడు.

ఆయన నిద్రపోయాక ఆ బుట్ట ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కో పిడి తీసి ఆయన చేతిని తలుచుకుంటూ పట్టి చూశాను. చూపుడువేలూ మధ్యవేలూ మాత్రమే నొక్కుతాయి, ఉంగరం వేలికి బలం లేదు. అలా పట్టి చూస్తే ప్రతి పిడిలోనూ తప్పు దొరికింది. ఒకటి కుడికి తిరుగుతోంది. ఒకటి వెనక్కి జారుతోంది. ఆయన ఒక్కటీ ఊరికే కాదనలేదు. అది తెలిశాక నాకు ఊరట కలగలేదు. నన్ను ఆపాలని చూస్తున్నాడంటే వదిలించుకుని వెళ్ళొచ్చు. నిజం చెబుతున్నవాణ్ణి వదిలి ఎలా వెళ్ళను?

ఇంటి దగ్గర మా అమ్మాయి ముందు ఏమీ అనేది కాదు. దగ్గు విన్నప్పుడల్లా తలుపు దగ్గరికి వచ్చి నిలబడి వెళ్ళేది. ఒకరోజు అడిగేసింది. నేను తెలుగులో మాట్లాడితే తను హిందీలో జవాబిస్తుంది.

“పాపా, ఏక్ హ్యాండిల్ కే లియే?” అంది. ఒక్క పిడి కోసమా అని.

“ఒక చేతికోసమమ్మా,” అన్నాను. ఆమెకి అర్థమైందో లేదో గాని తలుపు దగ్గరనుంచి వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాక ఒక పిడి కొంచెం దారిలో పడింది. చింతకట్టె. మొన రెండు వైపులా వేరువేరుగా జరిపి చేశాను, మధ్యలో మెలి తిరిగినట్టు వచ్చింది. ఉలికి వేసి ఇచ్చాను. ఈసారి మావ చేతిలో పట్టి చూసి ఊరుకోలేదు. “ఖరాద్ కాడికి నడిపించు,” అన్నాడు.

నడిపించి పీట మీద కూర్చోబెట్టాను. మెత్తటి కట్టె ఒకటి ఎక్కించి, మోటారు వేశాను. దసరా తరవాత ఆయన ఖరాద్ ముందు కూర్చోవడం అదే మొదటిసారి. ఉలిని ఆనించాడు. చెక్క పొర లేచింది. తెల్లగా, పొడుగ్గా, ఆయన మోచేతి మీదకి జారింది. వంటింట్లోంచి అత్త చేతులు కూడా కడుక్కోకుండా వచ్చి నిలబడింది.

మావ ఉలి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నన్ను చూశాడు.

“బావుంది,” అన్నాడు. “రేపట్నించి పో.”

అత్త ఏడ్చింది. నాకూ ఏడుపు రావలసింది. కానీ నేను ఆయన మణికట్టు చూస్తున్నాను, ఆయనే నేర్పిన ప్రకారం. ఉలి ఆనించినంతసేపూ ఆ పిడి అరచేతిలో తిరుగుతూనే ఉంది. కింద ఎడంచెయ్యి పెట్టి దాన్ని ఆపుకున్నాడు. అదీ గాక, ఆ మాట. ఆ షెడ్డులో ఇన్నేళ్ళు పనిచేశాను, కుదిరిన పిడికి ఆయన ఏమీ అనడు. ఎన్నడూ అనలేదు.

ఆయన ఒళ్ళోంచి ఉలి తీసుకున్నాను. పిడి ఊడదీశాను.

“బావులేదు మావా,” అన్నాను.

ఆయనతో ఆ మాట నేను అనడం అదే మొదలు. ఆయన మొహం ఎర్రబడింది.

“నానన్నాను గదరా బావుందని!”

“నువ్వన్నావు గనకే.”

ఖరాద్ ఉత్తినే తిరుగుతోంది. “ఆయనే పొమ్మంతంటే నీకేటి రోగం? నీ గుండి సూసుకోవేటి?” అని అత్త నన్ను తిట్టింది. మావ చెయ్యెత్తి ఆమెని ఆపాడు. కుడిచెయ్యే ఎత్తాడు, ఎత్తగలిగినంత. ఆ తరవాత సగం నోటితో నవ్వాడు.

“అయితే కూకో,” అన్నాడు. “బొటనేలి కింద తియ్యి. మొన ఇంకాస్త ఇటేపు జరుపు.”

ఆ తరవాత రోజులు నాకు బాగా గుర్తున్నాయి. అంతకు ముందు నేను చేసేవాణ్ణి, ఆయన కాదనేవాడు. ఇప్పుడు ఇద్దరం కలిసి ఒకే పిడి చెయ్యడం మొదలుపెట్టాం. కొత్త జామకట్టె ఎక్కించాం. నేను ఒక పొర తీసి మోటారు ఆపేవాణ్ణి. కట్టె ఖరాద్ మీద ఉండగానే ఆయన చెయ్యి తెచ్చి దాని మీద వేసేవాణ్ణి. ఎక్కడ ఒత్తుతోందో చెప్పేవాడు. మళ్ళీ ఒక పొర. రోజుకి అంతే పని అయ్యేది, అలిసిపోయేవాడు. దుమ్ము పడకుండా అత్త నా ముక్కుకి తన పాత చీర ముక్క కట్టేది. “దొంగోళ్ళాగున్నావు,” అనేది. ఆదిత్యపూర్ ఆయన ఫోను చేస్తే ఇంకొక్క వారం అనేవాణ్ణి. ఈసారి అది నిజమే. ఉంగరం వేలు ఆనే చోటు కుదిరింది. చూపుడువేలిది కుదిరింది. అరచేతి గుంటలో పిడి తిరగడం మానేసింది. ఇక బొటనవేలి కింద మిగిలింది. మంగళవారం సాయంత్రం ఆయన చెయ్యి దాని మీదే ఉంచి, “రేపు తీసీ,” అన్నాడు.

బుధవారం సంగతి మొదట్లోనే రాశాను.

ఇచ్ఛాపురం నుంచి ఆయన తమ్ముడి కొడుకు వచ్చి కర్మలన్నీ చేశాడు. బారిడీహ్ మేస్త్రీ వచ్చాడు. బట్ట కప్పేముందు మావ కుడిచెయ్యి ఒకసారి పట్టుకుని వదిలాడు. పదిమందీ వెళ్ళిపోయాక అత్త నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది.

“ఇంకెవులున్నారు నిన్నాపడానికి? పో నాయినా. ఆయన పొమ్మన్నాడు గదా,” అంది.

“పట్టినాక పొమ్మన్నాడత్తా.”

ఆమె నా వైపు చూసి, పళ్ళెంలో ఇంకాస్త పప్పు వేసి, లోపలికి వెళ్ళిపోయింది.

మా అమ్మాయి కూడా అదే అడిగింది. “అబ్ తో వో నహీ రహే, పాపా. అబ్ కిస్‌కే లియే?” ఇప్పుడు ఆయన లేరు కదా, ఇంకెవరి కోసమని. ఆ పిల్ల కోపంగా అడగలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఇవాళ కర్మలయ్యాక వచ్చిన ఆదివారం. వాన తెరిపిచ్చింది. ఆదిత్యపూర్ ఆయన రేపు పొద్దునదాకా చూస్తానన్నాడు. నేనే ఫోను చేసి ఇంకో మనిషిని చూసుకోమన్నాను. ఎందుకని అడిగాడు. చేతిలో పని ఉందన్నాను. ఎప్పటికవుతుందన్నాడు. మావ చేతికి కుదిరిన మర్నాడు నేను వెళ్ళాలి. కుదిరిందీ లేనిదీ చెప్పవలసిన చెయ్యి కాలిపోయింది. ఆ మర్నాడు ఎక్కడినుంచి వస్తుంది?

ఫోను పెట్టేసి షెడ్డు తాళం తీశాను. ఖరాద్ మీద రెండు మొనల మధ్య జామకట్టె పిడి అలాగే ఉంది. బొటనవేలి కింద ఎంత తియ్యాలో నాకు తెలుసు. తీస్తే అయిపోతుంది. అయిపోయిందని అనేవాళ్ళు లేరు. తియ్యకుండా విప్పి పక్కన పెట్టడానికి చెయ్యి రాలేదు. దాన్ని విప్పితే తప్ప ఇంకో కట్టె ఎక్కదు, మేస్త్రీ తాపీ బల్ల మీద ఎదురుచూస్తోంది.

మోటారు వేశాను. మొన జరిపి చేసిన పిడి తిరిగేటప్పుడు చూశారో లేదో మీరు. నడుమ చెక్క గట్టిగా కనిపిస్తుంది. దాని చుట్టూ పల్చగా, పొగలా ఇంకో పిడి తిరుగుతుంది. అటు పక్క గోడ దానిలోంచి కనిపిస్తూనే ఉంటుంది. ముట్టుకుంటే వేలు తెగుతుంది. చెయ్యి వెయ్యవలసిన చోటు అదే. ఉలి పట్టుకుని ఆ నీడ వైపు చూస్తూ ఉండిపోయాను. ఉలి ఆనించలేదు. మోటారూ ఆపలేదు.

లోపల్నుంచి అత్త పిలుస్తోంది, తడికి బియ్యం డబ్బా మూత పట్టేసిందట, వచ్చి తియ్యమని. వెళ్ళి తీసి రావాలి.